మెలకువ నిలవని జబ్బు

నార్కొలెప్సీ అనేది మెలకువను నిలిపి ఉంచే మెదడు వ్యవస్థ దెబ్బతినడం వల్ల కలిగే దీర్ఘకాలిక నాడీ వ్యాధి. రాత్రి తగినంత సేపు పడుకున్నా పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకురావడం, అది పని మధ్యలోనో, మాటల మధ్యలోనో, కంచం ముందు కూర్చున్నప్పుడో కూడా వచ్చి మీద పడటం, కాసేపు కునుకు తీస్తే తేరుకున్నట్టే ఉండి రెండు మూడు గంటల్లో మళ్లీ అదే మగత కమ్ముకోవడం దీని ప్రధాన లక్షణం. అమెరికా, ఐరోపా దేశాల్లో వేసిన అంచనాల ప్రకారం లక్షమందిలో సుమారు 25 నుంచి 50 మందికి ఈ జబ్బు ఉంటుంది. కోటి జనాభా దాటిన బెంగళూరుకు ఆ లెక్కే వర్తించే పక్షంలో ఈ ఒక్క నగరంలోనే రెండున్నర వేల నుంచి ఐదు వేలమంది దానితో బతుకుతూ ఉండాలి. తమ బాధకు వైద్యశాస్త్రంలో ఒక పేరు ఉందని, పరీక్ష ఉందని, మందు ఉందని తెలియకుండా వారిలో ఎవరూ మిగిలిపోకూడదు.

బెంగళూరులో ఈ జబ్బు దాగిపోవడానికి మొదటి కారణం, నగరంలో సగం మంది ఎలాగూ నిద్ర చాలక తూగుతున్నట్టే కనిపించడం. అమెరికా వేళలకు తగ్గట్టు సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగిసే షిఫ్టులు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ పరిసరాల్లో ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని, ఒకరు పడుకునే వేళకు మరొకరు లేచే పీజీ హాస్టళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీదా సిల్క్ బోర్డు కూడలిలోనూ రోజూ కరిగిపోయే గంటలు, ఇవన్నీ నిద్రలోంచే కోతపడతాయి. టామ్‌టామ్ సంస్థ 2023 సంవత్సరానికి కట్టిన లెక్కలో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు ప్రయాణించడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నెల్లూరు నుంచో, అనంతపురం నుంచో, ఖమ్మం నుంచో వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు యువకుడు మీటింగులో కునికిపాట్లు పడితే రాత్రి ఆలస్యంగా పడుకుని ఉంటాడని తోటివారు అనుకుంటారు, క్యాబ్ ఎక్కగానే నిద్రపోతే అందరూ పోతున్నవారే కదా అని ఊరుకుంటారు, చివరికి ఆ యువకుడు కూడా అదే నమ్ముతాడు. చాలామంది విషయంలో ఆ సమాధానం సరైనదే. వారం పదిరోజులు కంటినిండా నిద్రపోతే వారి మగత తీరిపోతుంది. నార్కొలెప్సీ ఉన్నవారికి తీరదు. ఈ తేడాను అడిగేవారు లేకపోవడం వల్లనే జబ్బు మొదలైన నాటికీ దానికి పేరు తెలిసే నాటికీ మధ్య ఏళ్లు గడిచిపోతాయి. నిద్ర వైద్యం బాగా స్థిరపడిన పాశ్చాత్య దేశాల్లో కూడా ఈ ఆలస్యం 8 నుంచి 15 ఏళ్ల దాకా ఉంటున్నట్టు అధ్యయనాలు తేల్చాయి.

రెండో కారణం అలవాటైన వెక్కిరింపు. తెలుగువారి రామాయణ కథల్లో ఇద్దరు నిద్రించేవారు ఉన్నారు. అన్నావదినెల వెంట అడవికి వెళ్లిన భర్త నిద్రను కూడా తానే తీసుకుని పద్నాలుగేళ్లు పడుకున్న ఊర్మిళను స్త్రీలు పాటకట్టి తరతరాలుగా గౌరవించారు. కుంభకర్ణుణ్ణి మాత్రం తిండికీ మొద్దునిద్రకీ పర్యాయపదంగా మార్చుకున్నారు. నార్కొలెప్సీ ఉన్న పిల్లవాడికి బడిలో దక్కేది ఈ రెండో పేరే. ఒక అవయవం చేసే పనిలో వచ్చిన లోపాన్ని స్వభావంలో లోపంగా లెక్కగట్టడం ఆ పిల్లవాడికి జబ్బు కన్నా ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే కొన్నాళ్లకు వాడే తనను సోమరిగా నమ్మి, చెప్పుకోవలసిన బాధను దాచుకోవలసిన తప్పుగా భావిస్తాడు.

ఈ జబ్బును మామూలు నిద్రలేమి నుంచి స్పష్టంగా విడదీసి చూపే లక్షణం ఒకటుంది. దాని పేరు క్యాటప్లెక్సీ, అంటే బలమైన భావోద్వేగం కలిగిన క్షణంలో కండరాల పట్టు హఠాత్తుగా సడలిపోవడం. ఎక్కువగా నవ్వే దీనికి కారణమవుతుంది. స్నేహితుడు చెప్పిన జోకుకు పగలబడి నవ్వబోతుండగానే మోకాళ్లలో సత్తువ పోతుంది, దవడ వేలాడుతుంది, తల ముందుకు వాలుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఒక్కోసారి మనిషి ఉన్నచోటనే కుప్పకూలుతాడు. కొద్ది సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో బలం తిరిగి వస్తుంది. ఈ వ్యవధి అంతటా స్పృహ చెక్కుచెదరదు, చుట్టూ ఉన్నవారి మాటలు వినబడుతూనే ఉంటాయి, జవాబు చెప్పడానికి మాత్రం శరీరం సహకరించదు. మూర్ఛకూ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే. అయినా చూసేవారు తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, తర్వాత ఎవరో మూర్ఛకు మందులు రాయడం అరుదేమీ కాదు. చిన్నపిల్లల్లో ఇది మరో రూపంలో కనబడుతుంది: ముఖం వేలాడినట్టుండి కళ్లు సగం మూతపడటం, నాలుక బయటికి రావడం, నడక తూలడం. జబ్బు మొదలైన కొద్ది నెలల్లోనే పిల్లలు కారణం తెలియకుండా బరువు పెరగడం కూడా తరచుగా జరుగుతుంది. నవ్వితే పడిపోతానేమోనన్న భయంతో పెళ్లిళ్లకు వెళ్లడం మానేసేవారు, సరదా మాటలు మొదలవగానే గోడనో కుర్చీనో పట్టుకునేవారు, ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా ఉండటం నేర్చుకునేవారు ఉంటారు. వారిని చూసి గర్వమని, ముభావమని అనుకునే బంధువులు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరో రెండు లక్షణాలు రోగులను వైద్యుడి దగ్గరికి కాకుండా మరెక్కడికో తీసుకెళ్తాయి. నిద్ర పట్టే ముందో, మెలకువ వచ్చిన వెంటనో కాళ్లూ చేతులూ కదపలేని స్థితి కొంతసేపు ఉంటుంది; దీన్ని నిద్రా పక్షవాతం అంటారు. అదే సమయంలో గదిలో ఎవరో నిలబడినట్టు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అత్యంత స్పష్టమైన భ్రాంతులు కలుగుతాయి. ఇవి ఏ జబ్బూ లేనివారికి కూడా అప్పుడప్పుడు వస్తాయి గానీ నార్కొలెప్సీలో తరచుగా వస్తాయి. ఊళ్లలో వీటికి దయ్యమనే పేరు ఉంది. తాయెత్తులు, భూతవైద్యుల కాళ్ల మీద పడటాలు, కోళ్ల మొక్కులు దాని వెంట వస్తాయి. పట్టణాల్లో ఇదే అనుభవాన్ని పూర్తిగా విచారించకుండా మనోవైకల్యంగా పొరబడే ప్రమాదం ఉంది. ఇక రాత్రి నిద్ర సంగతి చాలామంది ఊహించని విధంగా ఉంటుంది: పగలంతా తూగే ఈ రోగులు రాత్రి మాటిమాటికీ మేల్కొంటారు.

ఇన్ని భిన్నమైన లక్షణాలు ఒకే మూలం నుంచి వచ్చినవని తెలియడానికి శాస్త్రానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. 1877లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ ఇటువంటి రోగిని వర్ణించగా, 1880లో ఫ్రాన్సు వైద్యుడు జాఁ బాప్తిస్త్ ఎదువార్ జెలినో నార్కొలెప్సీ అనే పేరు పెట్టాడు. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ రెమ్ నిద్రను కనుగొన్నారు. కనురెప్పల కింద కళ్లు వేగంగా కదులుతూ, కలలు ఉధృతంగా వస్తూ, ఆ కలలకు తగ్గట్టు శరీరం కదిలిపోకుండా కండరాలు స్తంభించి ఉండే దశకు ఆ పేరు. మామూలుగా నిద్రపోయిన గంటా గంటన్నర తర్వాత వచ్చే ఈ దశ నార్కొలెప్సీ రోగుల్లో నిద్ర పట్టిన పావుగంటలోపే వచ్చేస్తుంది. దాంతో చిక్కుముడి విడింది. నవ్వినప్పుడు కాళ్లు సడలడం, లేవగానే కదలలేకపోవడం, మెలకువలోకి కలలు చొరబడటం, ఇవన్నీ రెమ్ నిద్రకు చెందిన అంశాలే, తమకు చెందని వేళలో వచ్చి మెలకువతో కలిసిపోయినవి.

ఏ రసాయనం లోపించడం వల్ల ఈ కలగాపులగం కలుగుతుందో దాన్ని 1998లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా గుర్తించి, ఒకరు హైపోక్రెటిన్ అని, మరొకరు ఒరెక్సిన్ అని పేరు పెట్టారు. మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతంలో సుమారు 70 వేల కణాలు మాత్రమే దీన్ని తయారుచేస్తాయి. తలుపుకు గడియ ఎలాంటిదో మెలకువకు ఈ రసాయనం అలాంటిది; గడియ లేని తలుపు ప్రతి గాలికీ ఊగినట్టే ఇది లేని మెదడు మెలకువకూ నిద్రకూ మధ్య ఊగుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం డిమెంట్ 1970ల నుంచి నార్కొలెప్సీ ఉన్న కుక్కలను పెంచి అధ్యయనం చేశాడు. ఇష్టమైన తిండి చూడగానే సంతోషం పట్టలేక కూలిపోయే ఆ డాబర్‌మన్ కుక్కల్లో ఒరెక్సిన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు దెబ్బతిన్నదని 1999లో ఎమ్మాన్యుయెల్ మిన్యో బృందం తేల్చింది. అదే ఏడాది టెక్సస్‌లో మసాషి యానగిసావా బృందం ఒరెక్సిన్ లేని ఎలుకల్లో అదే జబ్బును చూపింది. 2000లో, మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించినప్పుడు ఆ కణాల్లో 85 నుంచి 95 శాతం నశించినట్టు కనబడింది. ఆ పరిశోధన చేసిన కాలిఫోర్నియా బృందంలో మొదటి పేరు థామస్ తన్నికల్‌ది. మనుషుల్లో లోపం జన్యువుది కాదు, కణాల నాశనానిది అన్న నిర్ణయానికి, తమ మెదళ్లను దానం చేసి వెళ్లిన ఆ రోగులే ఆధారమయ్యారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాలాన్ని భద్రపరిచే బ్యాంకు పనిచేస్తోందన్న సంగతిని ఈ సందర్భంలో స్మరించాలి. ఇటువంటి దానాల విలువ ఎంతటిదో నార్కొలెప్సీ చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

ఆ కణాలను శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున దాడి చేసి చంపుతుందని ఇప్పుడు బలంగా భావిస్తున్నారు. హెచ్ఎల్ఏ డీక్యూబీ1*06:02 అనే జన్యు రకం క్యాటప్లెక్సీ ఉన్న రోగుల్లో దాదాపు అందరికీ ఉంటుంది. అయితే అది ఆరోగ్యవంతుల్లో కూడా అనేకులకు ఉండటం వల్ల, వంశంలో ఉన్నంత మాత్రాన పిల్లలకు జబ్బు వస్తుందని భయపడి సంబంధాలు మానుకోవలసిన అవసరం లేదు. 2009 నాటి స్వైన్ ఫ్లూ తర్వాత చైనాలోనూ, అప్పట్లో ఐరోపాలో వాడిన పాండెమ్రిక్స్ అనే ఒక టీకా తర్వాత ఫిన్లండ్, స్వీడన్‌లలోనూ పిల్లల్లో కొత్త కేసులు పెరిగాయి. ఆ టీకా ఇప్పుడు వాడుకలో లేదు. ఇతర టీకాలను అనుమానించడానికి అది ఆధారం కాదు.

జబ్బు ఎక్కువగా పది నుంచి పాతికేళ్ల మధ్య మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ వయసుకు ఉన్న అర్థం వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదకొండు దాకా సాగే రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ చదువులో, క్లాసులో తలవాల్చిన విద్యార్థిని నిలబెట్టడం, బెంచీ ఎక్కించడం, ముఖం మీద నీళ్లు చల్లడం, ఇంటికి ఫోన్ చేసి శ్రద్ధ లేదని చెప్పడం మామూలు. ఆ శిక్షల కింద నార్కొలెప్సీ మొదలైన విద్యార్థి ఎవరో, నిద్ర చాలని విద్యార్థి ఎవరో తెలుసుకునే ప్రయత్నం జరగదు. రెండో విద్యార్థికి కూడా ఆ శిక్ష న్యాయం కాదు. నోటుబుక్కులో అక్షరాలు క్రమంగా వంకర గీతలుగా మారి, విద్యార్థి నిద్రలోనే రాస్తూ పోయిన గుర్తులు కనబడితే అది ఉపాధ్యాయుడు దాచి ఉంచి తల్లిదండ్రులకు చూపవలసిన వైద్య సాక్ష్యం. ఇలా గుర్తింపు లేకుండా ఇంజనీరింగు పూర్తిచేసినవారే తర్వాత బెంగళూరు బస్సెక్కుతారు.

బెంగళూరులో హోసూరు రోడ్డు మీద ఉన్న నిమ్‌హాన్స్, అంటే జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ, 1974 డిసెంబరు 27న పాత మానసిక వైద్యశాలా అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థా విలీనమై ఏర్పడింది. రాయలసీమ జిల్లాల నుంచి నాడీ జబ్బులకూ మానసిక జబ్బులకూ జనం ముందుగా తలచుకునే ఆసుపత్రి ఇదే. నిద్రను మెదడు తరంగాల ద్వారా పరిశోధించే ప్రయోగశాల అక్కడ ఉంది. విపశ్యన ధ్యానం చేసేవారి నిద్రపై ఆ సంస్థ ప్రచురించిన అధ్యయనాలు పేరుపొందాయి. మనసు, నాడులు, నిద్ర, ఈ మూడింటి వైద్యులూ ఒకే ప్రాంగణంలో ఉండటం, ఈ మూడింటి మధ్య పొరబడే జబ్బుకు ఎంతో అవసరమైన ఏర్పాటు.

నిర్ధారణ రెండు దశల్లో జరుగుతుంది. ముందుగా ఒకటి రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ రాసిపెట్టుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, కుంగుబాటు, గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా వంటి ఇతర కారణాలను వైద్యుడు పరిశీలిస్తాడు. తర్వాత ఒక రాత్రి ఆసుపత్రిలో నిద్రపుచ్చి మెదడు తరంగాలు, శ్వాస, కంటి కదలికలు, కండరాల బిగువు నమోదు చేస్తారు. దీన్ని పాలీసోమ్నోగ్రఫీ అంటారు. మర్నాడు పగలు రెండేసి గంటల ఎడంతో నాలుగైదు సార్లు పడుకోమని ఎంతసేపట్లో నిద్ర పట్టిందో చూస్తారు. సగటున 8 నిమిషాలలోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు రెమ్ దశ తొందరగా వస్తే నార్కొలెప్సీగా నిర్ణయిస్తారు. రెండింటిలో ఒకటి ముందు రాత్రి నమోదైనదైనా సరిపోతుంది. కుంగుబాటు మందులు రెమ్ నిద్రను అణచివేసి ఫలితాన్ని తారుమారు చేస్తాయి కాబట్టి పరీక్షకు ముందు వాటిని ఆపవలసి రావచ్చు, అయితే సొంతంగా ఆపితే క్యాటప్లెక్సీ ఒక్కసారిగా విజృంభిస్తుంది. వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి.

జబ్బును పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు, అదుపులో ఉంచేవి ఉన్నాయి. మగతకు మోడాఫినిల్, ఆర్మోడాఫినిల్ మన దేశంలో దొరుకుతాయి. క్యాటప్లెక్సీకి వెన్లాఫాక్సిన్ వంటివి వాడతారు. మోడాఫినిల్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుందన్న సంగతి స్త్రీలకు తప్పక చెప్పాలి. చదువు కోసమో, రాత్రి పని కోసమో జబ్బు లేనివారు దీన్ని తెచ్చుకుని వాడటం ఎంత తప్పో, జబ్బు ఉన్నవారు అలవాటవుతుందన్న భయంతో మానేయడం కూడా అంతే తప్పు. లోపించిన ఒరెక్సిన్ పనిని నేరుగా చేసే కొత్త మందులపై ప్రయోగాలు ఆశాజనకంగా సాగుతున్నాయి.

మందుతో సమానమైన చికిత్స, నిర్ణీత వేళకు తీసే పావుగంట, ఇరవై నిమిషాల కునుకు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా పడుకోగలిగిన ఉద్యోగి మిగతా వేళల్లో చురుకుగా పనిచేస్తాడు. బెంగళూరుకు చెందిన వేక్‌ఫిట్ అనే పరుపుల కంపెనీ 2022 మే నెలలో తన ఉద్యోగులందరికీ మధ్యాహ్నం 2 నుంచి 2.30 వరకు కునుకు తీసే హక్కును ప్రకటించింది. ఆరోగ్యవంతులకే ఇవ్వగలిగిన అరగంటను వైద్యుడి చీటీ తెచ్చిన ఉద్యోగికి నిరాకరించడానికి ఏ యాజమాన్యానికైనా సరైన కారణం దొరకదు. రాత్రి షిఫ్టు నుంచి మినహాయింపు, పరీక్షలో విరామంతో కూడిన అదనపు సమయం కూడా ఇటువంటివే. వికలాంగుల హక్కుల చట్టం 2016, వైకల్యం ఉన్నవారికి తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. దాని జాబితాలోని 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నాడీ వ్యాధులు ఉన్నాయి గానీ నార్కొలెప్సీ పేరు విడిగా లేదు. ఆ పేరు చేర్చవలసిన అవసరం ఉంది. 2012 ఫిబ్రవరిలో రాంలీలా మైదానం కేసు తీర్పులో సుప్రీంకోర్టు నిద్రను జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. నిద్ర మీద అదుపు కోల్పోయినవారి హక్కు దాని తర్వాతి మెట్టు.

వాహనం నడపడం విషయంలో మాత్రం మెత్తదనం పనికిరాదు. లైసెన్సు కోసం నింపే ఫారం 1, మూర్ఛ గానీ ఏ కారణం వల్లనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం గానీ ఉందా అని అడుగుతుంది. నిద్ర ముంచుకురావడం గురించి అడగదు. బ్రిటన్‌లో నార్కొలెప్సీ ఉన్నవారు లైసెన్సు అధికారులకు తప్పక తెలియజేయాలి, లక్షణాలు అదుపులోకి వచ్చాక తిరిగి నడపవచ్చు. అటువంటి నిబంధన ఇక్కడ వచ్చేదాకా రోగీ కుటుంబమూ ఆ నియమాన్ని తామే పెట్టుకోవాలి. మందులు కుదిరి వైద్యుడు సరేననేవరకు మోటారు సైకిలు తాళం పక్కన పెట్టి బస్సు, మెట్రో ఎక్కడం మేలు.

2019 నుంచి ఏటా సెప్టెంబరు 22న ప్రపంచ నార్కొలెప్సీ దినం జరుపుతున్నారు. ఆ రోజు కోసం ఎదురుచూడకుండా, ఈ ప్రసంగం విన్నవారు తమ ఇంట్లోనో, తరగతిలోనో, ఆఫీసులోనో ఎప్పుడూ తూగుతూ ఉండే మనిషిని రెండు ప్రశ్నలు అడగాలి: రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా ఇలాగే ఉంటుందా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు గానీ దవడ గానీ సడలుతాయా. మొదటిదానికి మూడు నెలలుగా అవునన్న జవాబు వస్తే వైద్యుణ్ణి కలవాలి. రెండోదానికి కూడా అవునంటే నాడీవైద్యుణ్ణి వెంటనే కలిసి, ఆ మాటను అదే విధంగా ఆయనకు చెప్పాలి.